ఎంగిలి చాయ

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని తన క్లినిక్‌లో డాక్టర్ తుకారాం మొదటి పేషెంటును లోపలికి పిలిచాడు. ఆ మనిషి దగ్గుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నోరు తెరవమంటే తెరిచాడు. తర్వాత మఫ్లర్ కింద నుంచి సైలెన్సర్ బిగించిన పిస్తోలు తీసి రెండుసార్లు పేల్చాడు. బయట బెంచీ మీద కూర్చున్న పదకొండు మందికి ఏదో పుస్తకం కింద పడిన చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. హంతకుడు డాక్టర్ చేతి గడియారం ముట్టుకోలేదు, బల్ల సొరుగు తెరవలేదు. ఐసు పెట్టెలో ఉన్న థర్మాస్ ఫ్లాస్కు ఒక్కటి తీసుకుని వెనక తలుపు గుండా వెళ్ళిపోయాడు.

అది 1970 ఫిబ్రవరి. మార్కెట్ యార్డులో కొత్త పసుపు కుప్పలు పడుతున్నాయి. అక్కడ తుమ్మని మనిషి, దగ్గని మనిషి ఉండడు, ఆ చప్పుళ్ళలో ఎవరి మాటా పక్కవాడికి వినబడదు కాబట్టి రహస్యాలు మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి చోటు జిల్లాలో లేదు.

మధ్యాహ్నం పన్నెండుకు కలాయివాడొకడు తిత్తి, పట్కారు కట్టిన సైకిలు తోసుకుంటూ ఒక పసుపు కుప్ప దగ్గర ఆగాడు. కుప్ప పక్కన తలపాగా చుట్టుకున్న దలారీ కొమ్ము విరిచి వాసన చూస్తున్నాడు.

"కొత్త గిన్నెలున్నాయా?" అన్నాడు దలారీ.

"లేవు. పాతవే మెరిపిస్తా."

కోడ్ సరిపోయింది. ఆ దలారీ ఇంటెలిజెన్స్ చీఫ్ రామ్‌దాస్. కలాయివాడు ఆయన ఏజెంట్ అయ్యూబ్. వేషం అని పేరే గానీ అయ్యూబ్ తండ్రీ తాతా బోధన్‌లో నిజంగానే గిన్నెలకు తగరం కలాయి పూసి బతికారు. సర్కారు అతనికి మూడేళ్ళు ట్రైనింగ్ ఇచ్చి, చివరికి తండ్రి పనిలోకే పంపింది.

"తుకారాంను చంపేశారు," అన్నాడు రామ్‌దాస్. "శాంపిల్ పోయింది."

అయ్యూబ్ సైకిలుకు స్టాండు వేశాడు. తుకారాం అతని చిన్ననాటి జ్వరాలన్నిటికీ డాక్టరు. "ఏం శాంపిల్ సార్?"

"68లో ఫ్లూ వచ్చింది గుర్తుందా?"

"నాకే వచ్చింది. వారం మంచం దిగలేదు."

"ఆ వైరస్‌తోనే హెల్మర్ అండ్ స్వాన్ అనే విదేశీ కంపెనీ టీకా తయారు చేసింది. మూడు వారాల కింద బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కూలీ లైన్లలో ఆరు వందల మందికి వేశారు. నీకూ వేశారు."

"డాక్టర్ నీలోఫర్ తన చేత్తోనే పొడిచింది. కార్డు మీద సంతకం కూడా చేసింది."

"ఆ ఆరు వందల్లో నూట నలభై మంది మళ్ళీ అదే జ్వరంతో పడ్డారు. తుకారాం పట్టుకున్నది అదే."

"టీకా కల్తీయా సార్?"

"కల్తీ అయితే తేలిగ్గా పట్టేసేవాళ్ళం. టీకా అసలుదే, పాతబడిపోయింది." రామ్‌దాస్ కొమ్మును చేతిలో తిప్పాడు. "చూడు, టీకా అంటే ఒంటికి దొంగ ఫోటో ఇవ్వడం. జబ్బు ఒకసారి వచ్చి పోయినా అంతే, ఫోటో మిగులుతుంది. దొంగ మళ్ళీ వస్తే ఒళ్ళు గుర్తుపట్టి పట్టుకుంటుంది. ఇప్పుడు వాడు కోటు మార్చుకుని వచ్చాడు."

"అంత తెలివెక్కడిది దానికి?"

"తెలివి లేదు, పాడూ లేదు. తాలూకాఫీసులో నకలు గుమాస్తాను చూశావు కదా, వంద నకళ్ళు రాస్తే రెండు తప్పులు పడతాయి. వైరస్ ఒంట్లో కోట్ల నకళ్ళు తీసుకుంటుంది. తప్పుపడ్డవాటిలో చాలావరకు పనికిరావు. ఎక్కడో ఒకదానికి మాత్రం ఆ తప్పు పైకోటు మీద పడుతుంది. ఊరందరి దగ్గరా పాత ఫోటోనే ఉంటే పాత కోటువాళ్ళందరూ దొరికిపోతారు. తప్పు కోటువాడొక్కడు దొరక్కుండా దాటిపోయి వాడి సంతానాన్ని పెంచుకుంటాడు."

ఎవరో బస్తా కుమ్మరించారు. పసుపు ధూళి లేచింది. ఇద్దరూ కాసేపు దగ్గారు.

"శుక్రవారం పదకొండింటికి ట్రావెలర్స్ బంగళాలో ఒప్పందం మీద సంతకం," అన్నాడు రామ్‌దాస్ మళ్ళీ. "రాష్ట్రమంతటికీ, రెండేళ్ళపాటు ఈ టీకానే. కంపెనీ గోదాముల్లో పాత సరుకు లక్షల సీసాలుంది. వైరస్ మారిందని తెలిస్తే అదంతా కాలవలో పోసుకోవాలి. అందుకే ముఠాను దింపారు. సర్కారీ ల్యాబ్ డైరెక్టర్ నూరుల్లా సాబ్ శుక్రవారం ఐసు పెట్టె, రిజిస్టరు పట్టుకుని వస్తాడు. పదకొండు లోపల ప్రాణమున్న నమూనా ఆ రిజిస్టరులో ఎక్కితే, పరీక్ష తేలేదాకా సంతకం ఆగిపోతుంది. రూలు అది."

"ఎక్కకపోతే?"

"సూది పడింది కదా అని జనం జ్వరం మనిషి పక్కనే పడుకుంటారు. రెండేళ్ళు. ఎంతమంది పోతారో నువ్వే అనుకో."

"మనవాళ్ళు ఎవరున్నారు?"

"కంపెనీ లోపల నీలోఫర్ ఉంది. మనకు కబుర్లు అందించేది ఆమే. అవసరమైతే ఆమెను నమ్ము."

డాక్టర్ నీలోఫర్‌ను నమ్మడం ఎవరికైనా సుఖంగానే ఉండేది. పట్టు చీర, నల్లకళ్ళద్దాలు, తెల్ల ఫియట్, ఇంగ్లిషు వాసన వేసే అత్తరు. కూలీ లైన్లలోకి వచ్చినా ఎవరింట్లో చాయ పోసినా ముట్టుకోదు. హ్యాండ్‌బ్యాగులోంచి తన పింగాణీ కప్పు తీసి, తన ఫ్లాస్కులోంచే పోసుకుంటుంది. ఎంగిలి పడదని నవ్వుతూ చెబుతుంది.

* * *

బుధవారం పొద్దున్నే అయ్యూబ్ బోధన్ కూలీ లైన్లలో హన్మవ్వ ఇంటి ముందు తిత్తి ఊదుతున్నాడు. ఫ్యాక్టరీ వైపు చెరకు బండ్లు వరస కట్టి ఉన్నాయి. బెల్లప్పాకం వాసనతో గాలి బరువుగా ఉంది. హన్మవ్వ పెద్ద కొడుకు రాజలింగు పది రోజుల కింద ఇదే జ్వరంతో పోయాడు. చిన్నవాడు లింగం మూడు రోజుల నుంచి చాప మీద పడి ఉన్నాడు. ఇద్దరికీ టీకా పడింది.

"సూది ఏసిండ్రు గద కొడ్కా," అంది హన్మవ్వ తపేలా అతని ముందు పెట్టి. "ఇంకేం గాదు అన్నది ఆ డాక్టరమ్మ. పెద్దోని పక్కకే పండుకోవెట్టిన చిన్నోన్ని. నేనే పండుకోవెట్టిన."

అయ్యూబ్ తిత్తి చేతబట్టుకుని లేచాడు. లోపలికి వెళ్ళి లింగంతో ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మించి, ఆ నీళ్ళు సీసాలో పట్టి, తిత్తిలో దాచిన ఫ్లాస్కులో ఐసు మధ్య పెట్టాడు. తిత్తిలో ఫ్లాస్కు, పట్కారులో కెమెరా డిపార్ట్‌మెంటు వాళ్ళ కొత్త గాడ్జెట్లు. వాటి మీద వాళ్ళకు చాలా గర్వం.

ఫ్లాస్కును కొరియర్ ఎర్రన్నకు ఇచ్చాడు. ఎడపల్లి రోడ్డు మీద ముఠావాళ్ళు 'టీకా తనిఖీ' పేరుతో చెక్‌పోస్టు పెట్టారు. చేతిలో సర్కారీ కాగితాలే ఉన్నాయి కాబట్టి పోలీసులు కూడా వాళ్ళకు సలాము కొడుతున్నారు. అందుకే ఎర్రన్న చుట్టూ తిరిగి వర్ని, మోస్రా మీదుగా పోవాలి. ఈ సంగతి తెలిసింది ముగ్గురికి. అయ్యూబ్, ఫోనులో విన్న రామ్‌దాస్, దారిలో కాపలాకు మనుషుల్ని పెడతానన్న నీలోఫర్.

రెండు గంటలకు కబురు వచ్చింది. మోస్రా కాలవ గట్టున ఎర్రన్న తల పగిలి పడి ఉన్నాడు. ప్రాణం ఉంది. ఫ్లాస్కు మాత్రం ముక్కలైంది.

అయ్యూబ్ పోస్టాఫీసు నుంచి రామ్‌దాస్‌కు ట్రంక్‌కాల్ చేశాడు.

"తపేలాకు చిల్లు పడింది సార్." రహస్యం బయటికి పొక్కిందని దాని అర్థం.

"ఇంకో ఫ్లాస్కు పంపుతా."

"వద్దు. ఎన్ని సీసాలు పంపినా పగులుతాయి."

"రోగినే తీసుకురా!"

"జ్వరమున్న ఎవరినీ చెక్‌పోస్టు దాటనివ్వడం లేదు. లింగం ఎలాగూ లేవలేడు." అయ్యూబ్ ఒక్క క్షణం ఆలోచించాడు. రామ్‌దాస్ ఆమెను నమ్ముతాడు కాబట్టి ఈ ఫోనులో పడిన మాట నీలోఫర్ చెవిన పడక తప్పదు. పడితేనే మంచిది. "నేను శుక్రవారం వట్టి చేతులతో వస్తున్నా సార్. కేసు పోయింది."

రామ్‌దాస్ జవాబిచ్చేలోపే అతను ఫోను పెట్టేశాడు.

తిరిగి వచ్చేసరికి హన్మవ్వ కొడుకుకు చాయ తాగిస్తోంది. సాసర్లో పోసి, ఊది, నోటికి అందిస్తే లింగం రెండు గుక్కలు తాగి దగ్గాడు. సగం చాయ సాసర్లోనే మిగిలింది. ఆమె దాన్ని పారబోయడానికి లేచింది.

"అవ్వా, ఆగు. అది నాకియ్యి."

"ఏంది?"

"ఆ చాయ."

హన్మవ్వ అతని మొహంలోకి చూసింది. "ఎంగిలిది బిడ్డా. జరమొచ్చినోని ఎంగిలి. నీకు వేరే పోస్త."

"నాకు ఎంగిలే కావాలవ్వా."

అతను నిజం చెప్పేశాడు. తాను కలాయివాడొక్కడే కాదని, ఈ జబ్బు రూపం మార్చుకుందని, దాన్ని పట్నానికి చేర్చకపోతే ఊళ్ళకు ఊళ్ళే పడిపోతాయని, సీసాలో పోనివ్వడం లేదు కాబట్టి గొంతులో పెట్టుకుని పోతానని. గూఢచారికి ఇది పెద్ద తప్పు. ట్రైనింగ్‌లో మొదటి రోజే చెబుతారు.

హన్మవ్వ సాసరును రెండు చేతులతో గుండెకు దగ్గరగా పట్టుకుంది. చాయ చీర మీద ఒలికింది.

"ఇయ్య. ఒకన్ని తిన్నది గిది. ఇంకొకన్ని తింటున్నది. మూడోని నోట్లె నా చేత్తోని ఎట్ల పోస్త? సచ్చిపోతవ్ కొడ్కా."

"చావొచ్చు. చావకపోవచ్చు. కానీ రాజలింగన్నకు సూది పడ్డదని, అయినా పోయిండని ఎవ్వరు రాసుకోలేదవ్వా. వాళ్ళ కాయితంల నిమోనియా అని రాసిండ్రు. నేను పట్నం పోతే రాసుకుంటరు."

ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే సాసరు చాపింది. అతను తాగబోతుంటే చెయ్యి పట్టి ఆపింది.

"నా తపేలా సగమే కలాయి పెట్టినవ్. తక్కిన సగం పెట్టనీకి నువ్వే రావాలె. ఇంకొకన్ని తోలితే ఊకోను."

"నేనే వస్తా."

చాయ చల్లారిపోయింది, చక్కెర ఎక్కువైంది. అయ్యూబ్ చుక్క మిగల్చకుండా తాగాడు. ఆపైన లింగం మొహానికి మొహం పెట్టి, వాడి దగ్గు మీద పడేలా గంటసేపు కూర్చున్నాడు.

* * *

గురువారం అతని జీవితంలో అన్నిటికంటే పొడుగైన రోజు.

పొద్దున థర్మామీటరు పెట్టుకున్నాడు. తొంభై ఎనిమిది. పదింటికి పెట్టుకున్నాడు. తొంభై ఎనిమిది. ఇరవై ఏళ్ళ వయసులో సర్వీసులో చేరినప్పటి నుంచి తన ఒళ్ళు ఉక్కులాంటిదని మురిసిపోయిన అయ్యూబ్, ఆ ఒంటిని ఇప్పుడు తిట్టని తిట్టు లేకుండా తిట్టాడు. 68లో పడిన జ్వరం పాత ఫోటో ఇచ్చింది, టీకా ఇంకో ఫోటో ఇచ్చింది. ఒకవేళ ఆ రెండూ కలిసి ఈ కొత్త కోటువాణ్ణి కూడా పట్టేస్తే? అప్పుడు తుకారాం చావు వృథా, ఎర్రన్న తల వృథా. తాను ఒక తల్లి చేత ఎంగిలి పోయించుకుని ఏడిపించిందీ వృథానే.

మధ్యాహ్నం చన్నీళ్ళతో స్నానం చేసి తడి బట్టలతో గాలికి కూర్చున్నాడు. అలా చేస్తే జ్వరం వస్తుందని సైన్సు ఎక్కడా చెప్పలేదు, కానీ నిస్సహాయుడైన మనిషి సైన్సునే నమ్ముకుని కూర్చోడు కదా. సాయంత్రం నమాజులో, తనకు జ్వరం రావాలని కోరుకున్నాడు. ఆ కోరిక కోరినందుకు క్షమించమని కూడా అడిగాడు.

లోపల లింగం ఎగశ్వాస తీస్తున్నాడు. హన్మవ్వ వాడి పాదాలు పట్టుకుని కూర్చుంది. ఆమె అయ్యూబ్‌ను చూసి నీకెట్లున్నది అని అడగడం, అతను బాగనే ఉన్న అనడం, ఆ మాటకు ఇద్దరూ తలలు దించుకోవడం నాలుగుసార్లు జరిగింది.

శుక్రవారం తెల్లారేసరికి అతని వెన్నులో చలి మొదలైంది. పళ్ళు కొట్టుకున్నాయి. థర్మామీటరు నూటా రెండు చూపించింది. అయ్యూబ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రపంచంలో నూటా రెండు డిగ్రీల జ్వరానికి అంత సంతోషపడిన మనిషి ఇంకొకడు ఉండడు.

"వచ్చింది అవ్వా!"

హన్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి అంది, "పొద్దుగాల్ల చిన్నోడు రెండు బుక్కల గంజి తాగిండు. నువ్వు పో. జల్ది పో."

* * *

బస్సెక్కితే బస్సు మొత్తానికీ అంటుతుంది. అయ్యూబ్ మొహానికి గుడ్డ కట్టుకుని సైకిలెక్కాడు. బోధన్ నుంచి నిజామాబాద్ పదహారు మైళ్ళు. మైలురాళ్ళు ఒక్కోసారి రెండేసి కనిపించాయి. మూడుసార్లు దిగి రోడ్డు పక్కన కూర్చున్నాడు. ఎడపల్లి రాకముందు వెంట తెచ్చుకున్న పొట్లం విప్పి పసుపు మొహానికీ చేతులకూ చొక్కాకూ పులుముకున్నాడు.

చెక్‌పోస్టు దగ్గర తెల్ల ఫియట్ ఆగి ఉంది. నలుగురు మనుషులు సైకిలును చుట్టుముట్టారు. తిత్తి కోశారు, పట్కారు విరిచారు, డిపార్ట్‌మెంటు వాళ్ళ గర్వాన్ని అక్కడికక్కడే కాలవలో విసిరారు. జేబులన్నీ వెతికితే ఒక్క టీకా కార్డు దొరికింది.

"ఇది ఉండాల్సిన కాగితమే," అంది నీలోఫర్ కారులోంచే, దాన్ని తిరిగి ఇప్పిస్తూ. "పాపం అయ్యూబ్. వట్టి చేతులేనా?"

"వట్టి చేతులే మేడమ్." దగ్గు తన్నుకొచ్చింది. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏమిటది?"

"పసుపు ఘాటు. నిన్నంతా బోధన్ యార్డులోనే."

ఆమె నల్లకళ్ళద్దాలు అతని మీద ఒక క్షణం ఆగాయి. పచ్చటి మొహం, కారుతున్న చెమట, ఖాళీ సైకిలు. "ఐ యామ్ సో సారీ. ఇంకో కేసులో గెలుద్దాంలే," అంది. ఫియట్ ధూళి లేపుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది.

* * *

ట్రావెలర్స్ బంగళా హాల్లో గోడ గడియారం పదకొండుకు నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. బల్లకు ఒక పక్క అధికారులు, ఇంకో పక్క కంపెనీ దొర, పక్కనే నీలోఫర్. చివరన నూరుల్లా సాబ్ ఐసు పెట్టె మీద మోచెయ్యి పెట్టి, ఖాళీ రిజిస్టరు ముందు దిగులుగా కూర్చున్నాడు. గోడకు ఆనుకుని రామ్‌దాస్ నిలబడ్డాడు. పెన్ను మూత తీశారు.

తలుపు దగ్గర ఏదో పడిన చప్పుడైంది. అది అయ్యూబ్ సైకిలు.

"ఆగండి," అన్నాడు అతను గుమ్మంలోనే నిలబడి. "శాంపిల్ తెచ్చాను."

"ఎక్కడ?" రామ్‌దాస్ గోడ వదిలి ముందుకొచ్చాడు.

"ఇక్కడ." అయ్యూబ్ మెడ మీద వేలు పెట్టుకున్నాడు. ఆపైన ఆగకుండా దగ్గాడు, గుడ్డ లోపలే, నడుము వంగిపోయేంతగా.

నీలోఫర్ కుర్చీ వెనక్కి పడింది. ఆమె మూడడుగులు వెనక్కి గెంతి కొంగుతో ముక్కూ నోరూ గట్టిగా మూసుకుంది. హాల్లో ఇంకెవరూ కదలలేదు.

"మేడమ్," అన్నాడు అయ్యూబ్ ఊపిరి అందుకుని. "మీకూ టీకా పడింది కదా. ఎందుకు భయం?"

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె కొంగు తీయలేకపోయింది. అధికారి పెన్ను బల్ల మీద పెట్టేశాడు. కంపెనీ దొర ఆమెను కళ్ళతోనే కాల్చాడు.

నీలోఫర్ హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టింది. పింగాణీ కప్పు కింద పడి పగిలింది, చేతిలోకి చిన్న పిస్తోలు వచ్చింది. "దగ్గరికి రాకు!"

"ఎర్రన్న ఆ దారిన పోతున్నాడని ముగ్గురికే తెలుసు మేడమ్." అయ్యూబ్ ఒక అడుగు వేశాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. అతను ఇంకొకటి వేశాడు. అతనికి నిలబడటానికే ఓపిక లేదు, కళ్ళు మసకలు కమ్ముతున్నాయి, ఆ సంగతి ఆమెకు తెలియదు. గుడ్డ తీసేస్తాడేమోనని ఆమె చూపు అతని చేతి మీదే ఉంది. వరండా గుమ్మం తగిలినప్పుడు ఆమె ఊపిరి బిగబట్టి పేల్చింది. గుండు అయ్యూబ్ చెవి పక్క నుంచి దూసుకుపోయి గోడ గడియారంలో దిగింది. అప్పటికే వరండాలో ఉన్న రామ్‌దాస్ మనుషులు ఆమె మణికట్టు వెనక నుంచి దొరకబుచ్చుకున్నారు.

కంపెనీ దొర గొంతు సవరించుకున్నాడు. "టైము దాటిపోయింది. రూలు ప్రకారం..."

నూరుల్లా సాబ్ తల పైకెత్తాడు. గడియారం ముల్లు పదకొండుకు ఒక్క నిమిషం దగ్గర ఇరుక్కుని ఉంది.

"ఇంకా నిమిషముంది," అన్నాడు ఆయన, ముక్కుకు రుమాలు కట్టుకుంటూ. "కూర్చో బేటా. నోరు తెరువు."

అయ్యూబ్ గొంతులో దూది పుల్ల తిరిగింది, ఐసులోకి వెళ్ళింది. నూరుల్లా సాబ్ టీకా కార్డు చదివాడు. తేదీ, బ్యాచ్ నంబరు, కింద డాక్టర్ నీలోఫర్ అందమైన సంతకం. "68లో ఒకసారి పడ్డాడు, టీకా పడింది, మళ్ళీ పడ్డాడు. వీళ్ళు తమ చేత్తోనే రుజువు రాసిచ్చారు," అన్నాడు. ఒప్పందం కాగితాలు ఫైల్లోకి వెళ్ళిపోయాయి.

"రాజలింగు," అన్నాడు అయ్యూబ్ కళ్ళు మూసుకుని. "బోధన్ లైన్లు. ఆయనకూ సూది పడింది. ఆ పేరు కూడా రాయండి."

నూరుల్లా సాబ్ ఆ పేరు రాశాడు. ఆ తర్వాత రిజిస్టరు కాలమ్‌లన్నీ వరసగా నింపుతూ ఒకచోట ఆగి, కళ్ళజోడు సవరించుకున్నాడు.

"నమూనా తెచ్చిన పాత్ర అని ఉందిక్కడ. 'గొంతు' అని రాశాను. దాని పక్క కాలమ్, ఖాళీ పాత్ర ఏ చిరునామాకు తిరిగి పంపాలి అని. కొట్టేయనా?"

"కొట్టేయకండి సాబ్," అన్నాడు అయ్యూబ్. "హన్మవ్వ ఇల్లు, కూలీ లైన్లు, బోధన్. పగలకుండా పంపండి. అక్కడొక తపేలాకు సగం కలాయి బాకీ ఉంది."